ఇరవయ్యో ఒకటి

మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ
జనవరి 2022

అన్నకు,

నువ్వు ఫోన్ ఎత్తగానే ‘ఎవరు’ అని అరుస్తావు, పెట్టేసే ముందు ‘సరే సరే’ అంటావు. మధ్యలో నేను చెప్పేది నీ చెవిన పడదు. పైగా నా ఫోన్ నా చేతిలో కన్నా ప్రమోద్ చేతిలోనే ఎక్కువ ఉంటుంది. అందుకే ఉత్తరం. కవర్ కావాలంటే పోస్టాఫీసులో అమ్మాయి నన్ను వింతగా చూసింది.

ఒక మంచి కబురు. ప్రమోద్ సొంతంగా కోచింగ్ సెంటర్ పెడుతున్నాడు. మొన్న నా దగ్గర కూర్చుని, “అమ్మా, గిన్నేండ్లు లెక్కల టీచర్ చేసినవు గదా, గోడకు పెట్టనీకె ఒక జబర్దస్త్ నంబర్ చెప్పు. చూసినోడు నోరెళ్లబెట్టాలె” అన్నాడు. వాడు నన్నొక మాట అడిగి ఎన్నాళ్లయిందో. సంబరంగా పందొమ్మిది ఒకట్లు చెప్పాను.

ఒకటి పక్కన ఒకటి, అట్లా పందొమ్మిది. పదకొండు వేల కోట్ల కోట్లు దాటుతుంది. చూడడానికి చిన్నపిల్ల పలక మీద గీసిన గీతల్లా ఉంటుంది కానీ, ఒకటీ, అదీ తప్ప మరే సంఖ్యా దాన్ని భాగించలేదు. ఒకట్ల వరసలన్నీ ఇట్లా ఉండవు అన్నా. మూడు ఒకట్లను ముప్పై ఏడు భాగిస్తుంది. ఐదింటిని నలభై ఒకటి. ఏడింటిని రెండువందల ముప్పై తొమ్మిది. అది నేను పెళ్లికి ముందు చిత్తుకాగితాల మీద వెదికి పట్టుకున్నాను. పదిహేడు చాలా మొండిగా కనిపిస్తాయి, చివరికి ఇరవై లక్షల పైచిలుకు సంఖ్య ఒకటి వచ్చి వాటినీ రెండు ముక్కలు చేస్తుంది. రెండు ఒకట్ల తర్వాత నిలబడేది మళ్లీ పందొమ్మిదే. దాని తర్వాత ఇరవై మూడు. ఆ పైన మూడువందల పదిహేడు దాకా ఒక్కటీ నిలవదు. ఇదంతా ఎప్పుడో తేల్చినదే, నా గొప్పేం లేదు. కానీ తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

వాడికి బాగా నచ్చింది. ‘మమ్మల్ని ఎవరూ భాగించలేరు’ అని బోర్డు రాయిస్తాడట.

మీ వీధిలో మల్లేశ్ పని బాగుంటుందని నువ్వే అన్నావు. ఆరడుగుల గుడ్డ నేయించి పెట్టు. నల్ల రంగు మీద తెల్ల ఒకట్లు, అంచులు మన పోచంపల్లి పద్ధతిలో కాస్త చెదిరినట్టు. పందొమ్మిదే ఉండాలి.

మీ బావ పోయిన తర్వాతైనా నువ్వు వాడిని ఒక్కసారి మెచ్చుకోలేదు. ఈసారి ఒక మంచి మాట రాయి.

నీ చెల్లె
లీల


పోచంపల్లి
ఫిబ్రవరి 2022

లీలకు,

మంచి మాట రాయమన్నావు గనుక రాస్తున్నాను. సంఖ్య బాగుంది.

నీ కొడుకు గురించి అడగకు. వాడు మా ఇంట్లో ఉండి ఇంటర్ చదివిన రెండేళ్లలో నేను చూసింది ఒకటే. జవాబు తప్పయితే కాగితం చించేవాడు, తప్పు ఎక్కడుందో వెదికేవాడు కాదు. తండ్రి పోలిక. మీ ఆయన కూడా కూరలో ఉప్పెక్కువైతే నీ చెంప మీద లెక్క సరిచేసేవాడు. నర్సింగమ్మత్త కూతురి పెళ్లిలో, పందిట్లో, అందరి ముందు నిన్ను కొడితే నేను ఆయన ముందటి పన్ను రాలగొట్టాను. నువ్వు ఆ పన్ను ఏరి కొంగున కట్టుకున్నావు. తర్వాత ఏళ్ల తరబడి నా ముఖం చూడలేదు. అది మరిచిపోయేంత ముసలితనం నాకింకా రాలేదు.

మల్లేశ్ పని మొదలుపెట్టాడు. నూలును దారంతో బిగించి కట్టిన చోట రంగు ఎక్కదు, అక్కడ నీ తెల్ల ఒకటి లేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా మడతతో వచ్చింది. నూలును సగానికి మడిచే కదా కడతారు. మడత విప్పితే ఎడమన ఎన్ని గీతలో కుడిన అన్ని. పందొమ్మిదిలో తొమ్మిది జతలు పోగా మిగిలిన ఒంటిది సరిగ్గా మడత మీద పడుతుంది. దానికి సగం కట్టే కట్టాలి. రంగులో ముంచితే ఆ కట్టు జారి, గీత పాకుతుంది. మల్లేశ్‌కు అదే నచ్చలేదు.

“ఒంటిది ఎందుకు సారూ? ఇంకోటి ఏస్తే జోడైతది. ఒంటి గీత బట్టకు అచ్చిరాదు. మా తాత అసలే ఒప్పుకునేటోడు కాదు.”

“ఇరవై అయితే అది వేరే సంఖ్యరా. పదకొండుతోని భాగం పోతది.”

“పోతే పోనియ్యి. బట్ట పోదు గదా!”

మల్లేశ్ భార్య నిరోష రాట్నం దగ్గర నుంచి నవ్వింది. “గీయన లెక్క ఎప్పుడు గంతే సారూ. కమ్మలడిగితె కొన్నడు, జోడు గదా. ముక్కుపుడక అడిగితె ఒంటిదని కొనకపాయె.”

పందొమ్మిదే అని గట్టిగా చెప్పాను. “సరే, ప్రమోద్ సారుకు ఫోన్ కొట్టి అడుగుత” అన్నాడు. నేను కంటి ఆపరేషన్ కోసం రేపు నల్లగొండ పోతున్నాను. కొన్నాళ్లు అక్కడే నా పాత స్నేహితుడు కమలాకర్ ఇంట్లో ఉంటాను. గుడ్డ మగ్గం దిగేసరికి నేను ఇక్కడ ఉండను.

అన్న
సీతారాములు


పోచంపల్లి
ఏప్రిల్ 2022

లీలా,

సెంటర్ ప్రారంభం ఎట్లా జరిగిందో నువ్వు రాయలేదు. నిరోష ఫోన్‌లో వీడియో చూశాను. జిల్లా అంతా చూసిందట.

నీ కొడుకు కోటు తొడుక్కుని, మైకు పట్టుకుని, ‘ప్రపంచంల దీన్ని భాగించేటోడు ఇంకా పుట్టలే’ అంటున్నాడు. వెనక గుడ్డ వేలాడుతోంది. ముందు వరసలోంచి ఒక బట్టతల లెక్చరర్ లేచి, గుడ్డ దగ్గరికి పోయి, వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. “ప్రమోద్ సార్, ఇరవై ఉన్నయి. ఒకట్లు సరి సంఖ్యల ఉంటె పదకొండుతోని పోతది. ఏడో క్లాస్ పిల్లనడుగున్రి, చెప్తది.” హాలంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో “పదకొండు సార్!” అని కేకేశారు. ఇప్పుడు మీ ఊళ్లో వాడి పేరు అదేనట.

నలుగురు నవ్వితే మనుషులు చచ్చిపోతారా? మీ ఇంట్లో చచ్చిపోతారు.

సోమవారం పొద్దున తెల్ల కారులో వచ్చాడు. వాడితో ముగ్గురు. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. వాడు నన్ను చూశాడు, తల తిప్పుకుని మల్లేశ్ ఇంట్లోకి పోయాడు. చేతిలో గొడ్డలి కామ, ఇంకా ఇనుము ఎక్కించని కొత్త కర్ర. నేను వెంట పోయాను. ఒకడు నా గొంతు మీద మోచెయ్యి పెట్టి గోడకు అదిమాడు. మిగతాదంతా అక్కడి నుంచే చూశాను.

ముందు మగ్గం మీది పడుగు కోశారు. బిగించిన పోగులు తెగితే గోనెసంచి చింపినట్టు చప్పుడొస్తుంది. తర్వాత మల్లేశ్‌ను జుట్టు పట్టి మగ్గం గుంటలోంచి పైకి గుంజారు. కుడి అరచేతిని బట్ట చుట్టే దూలం మీద పరిచారు.

“లెక్కపెట్టురా” అన్నాడు నీ కొడుకు. “ఇరవై దాక. ఎన్ని కట్టినవో అన్ని.”

“మీరే గదా సారూ, ఫోన్ల...”

ఆ మాట పూర్తి కాకముందే మొదటి దెబ్బ పడింది. మల్లేశ్ ఏడు దాకా లెక్కపెట్టాడు. ఆ తర్వాత గొంతు రాలేదు. అప్పుడు నిరోషను మెడ వంచి చేతి దగ్గరికి తెచ్చి, “నువ్వు లెక్కపెట్టవే” అన్నారు. ఆమె పెట్టింది. పద్నాలుగు మరిచిపోయి పదిహేను అంటే, నీ కొడుకు కామ పైకెత్తినవాడు ఆగి, “పద్నాలుగు ఏది?” అన్నాడు. మళ్లీ పద్నాలుగు నుంచి మొదలుపెట్టించాడు. జీవితంలో మొదటిసారి వాడు తప్పు ఎక్కడుందో వెదికాడు.

పట్నం దవాఖానలో మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. పోగు కట్టడానికి కావలసినవి తక్కిన మూడు.

ఠాణాలో నీ కొడుకు పేరు చెప్పాను. పోలీసులు నీ దగ్గరికి వస్తారు. ఆ పొద్దున వాడు ఇంట్లో ఉన్నాడో లేడో చెప్పు. అంతకన్నా ఏమీ అడగను.

సీతారాములు


మహబూబ్‌నగర్
మే 2022

సీతారాములు అన్నయ్య గారికి,

ఇక్కడ క్షేమం. ప్రమోద్‌కు ఆ సోమవారం జ్వరం. రోజంతా ఇంట్లోనే పడుకున్నాడు. నేనే గంజి కాచి ఇచ్చాను. పోలీసులకు ఇదే చెప్పి సంతకం చేశాను.

ఆపరేషనైన కళ్లతో నువ్వు ఎవరినో చూసి మా వాడనుకున్నావు. మల్లేశ్‌కు జరిగింది ఘోరం. చేసినవాళ్లను దేవుడు చూసుకుంటాడు.

నాకు వాడొక్కడే.

ఇక ఈ సంగతి రాయకు.

లీలమ్మ


పోచంపల్లి
జూన్ 2022

లీలమ్మ గారికి,

గంజి కాచారా. ఉప్పు సరిపోయిందా?

ఎస్సై నన్ను పిలిచి కుర్చీ వేసి మరీ చెప్పాడు. “సారూ, మీకూ గా ఇంటికీ పాత పగ ఉందంట గదా. మీ బావ పన్ను రాలగొట్టిన్రంట. మీకేమో కన్ను ఆపరేషనైంది. కన్నతల్లేమో ఇంట్లనే ఉండె అంటాంది. కోర్టుల మీ మాట నిలవదు.” వీధిలో చూసినవాళ్లందరూ ఇప్పుడు ఆ పొద్దున వేరే ఊళ్లో ఉన్నారు. నీ కొడుకు మనుషులు ఇంటింటికీ వచ్చి క్షేమసమాచారాలు అడిగి పోయారు మరి.

నువ్వు లెక్కల టీచరువు కనుక నీకు అర్థమయ్యే భాషలో చెబుతాను. పందొమ్మిది ఒకట్లను ఎవరూ విరవలేరు. పక్కన ఇంకొక్క ఒకటి పెట్టు. ఏడు ముక్కలవుతుంది: 11, 41, 101, 271, 3541, 9091, 27961. నిన్న కూర్చుని గుణించి చూశాను, అంకె పొల్లుపోకుండా వస్తుంది. అంత పెద్ద సంఖ్యను పొడి చేయడానికి ఒక్క గీత చాలింది. నీ సాక్ష్యం ఆ ఇరవయ్యో ఒకటి. నిలబడ్డ నిజం పక్కన నువ్వు తెచ్చి పెట్టావు. ఇప్పుడు దాన్ని దారిన పోయే ప్రతివాడూ భాగించుకుంటున్నాడు.

నేను చదివిన చరిత్రల్లో కత్తి దూసినవాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఆ కత్తి కడిగి ఒరలో పెట్టిన తల్లుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. రాసినవాళ్లకు సిగ్గేసి ఉంటుంది.

‘నాకు వాడొక్కడే’ అన్నావు. నిరోషకు మల్లేశ్ ఎంతమంది?

మల్లేశ్ అన్న కాటమయ్య రోజూ సాయంత్రం మా అరుగు దగ్గరికి వస్తాడు. “సారూ, కోర్టు ఏమన్నది?” అంటాడు. ఇంకా ఏమీ అనలేదంటాను. “కోర్టు చెయ్యకుంటె చెప్పున్రి, మేము చేస్తం” అంటాడు. ఆగమంటాను. నీ గంజి చల్లారేదాకా అతన్ని ఆపగలనో లేదో నాకు తెలియదు.

సీతారాములు


మహబూబ్‌నగర్
ఆగస్టు 2022

అన్నా,

నీ ఉత్తరం చించేశాను. మళ్లీ ఏరి, పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ఫిబ్రవరిలో మల్లేశ్ ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. స్పీకర్‌లో పెట్టాడు. “సారూ, ఒంటిది మడతల పడ్తాంది. ఇంకోటి ఏసి జోడు చెయ్యాల్నా?” అన్నాడు మల్లేశ్. “ఏస్కోరా బై! గోడకు పెట్టేదాన్ని ఎవడు లెక్కపెడ్తడు? జల్ది పంపు” అన్నాడు ప్రమోద్. నేను వద్దురా, పందొమ్మిదే ఉండాలి అన్నాను. “నువ్వూకో అమ్మా” అన్నాడు.

కాబట్టి వాడు మల్లేశ్‌ను కొట్టింది మల్లేశ్ తప్పు చేసినందుకు కాదు. చెయ్యమన్నది తానేనని మల్లేశ్ నలుగురిలో ఎక్కడ చెబుతాడో అని.

పోయిన నెల అన్నం దగ్గర ఈ మాటే వాడితో అన్నాను. చెంబు విసిరాడు. కనుబొమ్మ మీద చీలింది. దవాఖానలో స్నానాల గదిలో జారానని చెప్పాను. డాక్టరమ్మ అక్షిత నా దగ్గర చదువుకున్న పిల్లే. కుట్లు వేసినంతసేపూ నా ముఖంలోకి చూసింది, ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది. మీ బావ చెయ్యి ఎంత బరువుండేదో వీడిదీ అంతే. అదే జాగాలో తగిలింది.

గంజి కాచలేదన్నా. ఆ సోమవారం వాడు చీకటితోనే వెళ్లాడు, మాపటికి వచ్చాడు. చొక్కా తీసి ఉతకమన్నాడు. ఉతికాను. ఎన్ని నీళ్లు పోసినా నురుగు ఎర్రగానే వచ్చింది. ఎవరిదిరా అని అడగలేదు.

పోలీసుల దగ్గర మాట మారిస్తే నన్ను ఏం చేస్తారు? నాకు దాని భయం లేదు. వాడిని తీసుకుపోయేటప్పుడు వాడు నన్ను చూసే చూపు తలుచుకుంటే భయం.

లీల


పోచంపల్లి
ఆగస్టు 2022

చెల్లె,

నుదురు ఎట్లుంది? కుట్లు విప్పారా? నీళ్లు తగలనియ్యకు.

మాట మార్చడం కాదు అది, సరిదిద్దడం. వకీలును అడిగాను. భయపడి అట్లా చెప్పానని, ఉన్నది ఉన్నట్టు చెబితే కోర్టు వింటుందట. నేను పక్కన ఉంటాను.

ఇక్కడికి వచ్చెయ్యి. అవ్వ గది ఊడ్పించి ఉంచాను. నిన్ను తిట్టను. ఒకవేళ తిట్టినా, నా నోరు సంగతి నీకు కొత్తేం కాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు కాటమయ్యతో మొదటిసారి ధైర్యంగా చెప్పాను, కోర్టు మీదే నమ్మకం పెట్టుకో అని. “మీరంటె సరే సారూ” అన్నాడు.

అన్న


మహబూబ్‌నగర్
సెప్టెంబర్ 2022

అన్నా,

ఆ సోమవారం చిట్యాల దగ్గర ఒక హోటల్ కెమెరాలో ప్రమోద్ కారు పడిందట. నడిపింది ఎవరో కనిపించడం లేదు. పోలీసులు ఇంటికి వచ్చేలోపల వాడు వెనక గోడ దూకి పోయాడు.

నిన్న ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడాడు. హాలియాలో స్నేహితుడి రైస్ మిల్లు ఉంది, కాలువ వంతెన దాటగానే. దాని మీది గదిలో ఉన్నాడు. ఏడుస్తున్నాడు. “అమ్మా, మల్లేశ్ అన్నదమ్ములు నన్ను సంపుతరే” అంటాడు. వాడు ఏడవడం విని ఎన్నేళ్లయిందో.

నేను నిశ్చయించుకున్నాను. శుక్రవారం వచ్చి నా మాట సరిదిద్దుతాను. వకీలును ఉండమను. అయితే దానికి ముందు వాడు తనంతట తాను ఠాణాకు పోవాలి. పోలీసులు ఈడ్చుకుపోవద్దు. ఆ పని నువ్వే చెయ్యాలి. వాడికి ఈ లోకంలో నీ మాటంటేనే భయం. నువ్వొక్కడివే వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకుపో.

ఎవరికీ చెప్పకు. మల్లేశ్ వాళ్లకు అసలే చెప్పకు. వాడిని జైలుకు పోనీ, ఎన్నేళ్లయినా ఉండనీ. ప్రాణంతో ఉంటే చాలు.

నా కొడుకును నీ చేతిలో పెడుతున్నాను అన్నా.

లీల


పోచంపల్లి
అక్టోబర్ 2022

లీలా,

నల్లగొండ దవాఖానలో, వాడి మంచం పక్కన, నన్ను చూసి గోడ వైపు తిరిగావు. నీ వీపుతో మాట్లాడలేక వచ్చేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి జేబులో పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం కాటమయ్య వచ్చి, “సారూ, కోర్టు ఏమన్నది?” అన్నాడు.

నేను “హాలియా” అన్నాను.

నేనూ వెళ్లాను. ఒకడి చేత చేయించి ఇంట్లో కూర్చునే అలవాటు నాకు లేదు. కాటమయ్య, అతని తక్కిన తమ్ముళ్లు ఇద్దరు, నేను, ట్రాలీ ఆటోలో. మిల్లు ఆడుతోంది. ఆ చప్పుడులో పక్కన పిడుగు పడ్డా వినబడదు. మెట్లెక్కి తలుపు తోశాను. నీ కొడుకు అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “మామా! వచ్చినవా?” అన్నాడు. సంతోషపడ్డాడు లీలా. అది రాయకుండా వదిలేయవచ్చు, కానీ అబద్ధమవుతుంది.

అప్పుడు నా వెనక కాటమయ్య వచ్చాడు.

చెయ్యి కిటికీ గడప మీద పెట్టారు. ఎంగిలి చెయ్యి, మెతుకులు ఇంకా అంటుకుని ఉన్నాయి. “లెక్కపెట్టు” అన్నాడు కాటమయ్య. వాడు లెక్కపెట్టాడు. మధ్యమధ్య “మామా” అని నా వైపు చూశాడు. ఇరవై దాకా అనుకున్నాం, చెయ్యి మాత్రమే అనుకున్నాం. తొమ్మిది దగ్గర గుంజుకుని మెట్ల వైపు పరిగెత్తాడు. చిన్న తమ్ముడు రాడ్డు విసిరాడు. అది తలకు తగిలింది. వాడు మెట్ల మీదుగా దొర్లి కింద వడ్ల రాశి మీద పడ్డాడు. ఆగమని నేను అరిచాననే అనుకుంటున్నాను. మిల్లు చప్పుడులో నాకే వినబడలేదు.

తప్పు చేశానని రాస్తాననుకోకు. నువ్వు శుక్రవారం వచ్చేదానివని నాకు తెలుసు. తెలిసే పోయాను. నువ్వు నిజం చెప్పేదానివి, వాడు లోపలికి పోయేవాడు, బెయిలు మీద వచ్చేవాడు, వాయిదాలు నడిచేవి, వాడు మళ్లీ కోటు తొడుక్కునేవాడు. మల్లేశ్ ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటూ ఉండేవాడు. ఇంతకాలం పుస్తకాలు చదివాను. ఏ పుస్తకంలోనూ మల్లేశ్ గెలవలేదు.

మీ ఆయన పన్నుకు నువ్వు నాకు ఏళ్ల మౌనం ఇచ్చావు. దీనికి ఏమివ్వాలనుకుంటే అది ఇయ్యి.

ఒక్కటి అడుగుతాను. మెట్ల మీద జారిపడ్డాడని మిల్లు యజమాని చెప్పాడు. తన మిల్లు పేరు పేపర్లో రావడం అతనికి ఇష్టం లేదు. పోలీసులు అదే నమ్ముతున్నారు. కాటమయ్యకు ముగ్గురు పిల్లలు, ఇప్పుడు మల్లేశ్ ఇంటిని నడిపేది కూడా అతనే. ప్రమోద్ హాలియాలో ఉన్నాడని నువ్వు నాకు రాసిన సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వేమీ అబద్ధం చెప్పనక్కరలేదు. ఊరికే ఉండు. చాలు.

సీతారాములు


నల్లగొండ
నవంబర్ 2022

అన్నా,

ప్రమోద్ కళ్లు తెరుస్తున్నాడు. నన్ను ‘టీచర్’ అంటున్నాడు. చిన్నప్పుడు బళ్లో నన్ను అట్లాగే పిలవాలని నేనే నేర్పాను. అమ్మ అనే మాట ఇంకా రాలేదు. ముద్ద నోట్లో పెడితే మింగడం మరిచిపోతాడు, గొంతు నిమరాలి.

ఇవాళ వాడి దగ్గర నర్సమ్మను కూర్చోబెట్టి పోచంపల్లి వచ్చాను. మీ ఇంటికి రాలేదు. మల్లేశ్ ఇంటికి పోయాను. నిరోష చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, నేను తాగేదాకా నిలబడింది.

అక్కడి నుంచి ఠాణాకు పోయాను. ఆ సోమవారం వాడు ఇంట్లో లేడని చెప్పాను. గంజి అబద్ధమని చెప్పాను. చొక్కా సంగతి చెప్పాను. ఇరవయ్యోది వెయ్యమన్నది ప్రమోదేనని, నా చెవులతో విన్నానని చెప్పాను. ఎస్సై అంతా రాసుకున్నాడు. పెన్నుకు మూత పెట్టబోతుంటే, ఇంకా ఉంది అన్నాను.

హాలియా సంగతి ఎవరికి రాశానో చెప్పాను. నీ ఉత్తరం ముందు పెట్టాను. ఆయన చదువుకుని, “అమ్మా, సొంత అన్ననా?” అన్నాడు.

“ఉన్నది ఒక్కడే” అన్నాను.

కాటమయ్య పిల్లలు గుర్తుకు రాలేదనుకోకు. మల్లేశ్ ఇంట్లో నేను నీళ్లు తాగుతుంటే వాళ్లు గడపలో నిలబడి నన్ను చూస్తూనే ఉన్నారు. తెలిసే చెప్పాను. ఊరికే ఉండడం నాకు బాగా వచ్చిన విద్య అన్నా. మీ బావ దగ్గర ఊరికే ఉన్నాను, వాడి దగ్గర ఊరికే ఉన్నాను. నువ్వు కూడా అదే అడుగుతావనుకోలేదు.

ఈ ఉత్తరం అందిన రోజో మర్నాడో వస్తారు. తలుపు తీసే ఉంచు, అరవకు. బీపీ గోలీలు, కంటి చుక్కల మందు సంచిలో పెట్టుకో. దుప్పటి ఇస్తారో లేదో తెలియదు, ఒకటి వేసుకో.

ప్రమోద్ కాస్త నడవగలిగితే వాడినీ తీసుకుపోతారట. కలవడానికి ఎవరొస్తారని నిన్ను అడుగుతారు, నా పేరు రాయించు. వాడికీ నా పేరే రాయిస్తాను. మీ ఇద్దరినీ ఒకే రోజు చూడనియ్యమని అడుగుతాను. రెండుసార్లు బస్సెక్కే ఓపిక నాకు లేదు.

లీల